నీళ్లొదలనా?

నరసరావుపేటలో నేను పనిచేసే శానిటరీ షాపుకి రాగి పైపు సామాను కావాలంటూ ఏడాదికి ఒకడొస్తే గొప్ప. మా వైపు ఇళ్లన్నీ ప్లాస్టిక్ పైపుల మీదే బతుకుతున్నాయి. అందుకే మే నెలలో మా బావ సుబ్బారావు ఫోన్ చేసి, "రాగి పైపుకి డమ్మీ ఒకటి కావాల్రా మధూ" అన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. డమ్మీ అంటే పైపు చివర బిగించే మూత. ఇక ఇక్కడ నీళ్లు అక్కర్లేదు అనుకున్నప్పుడు పైపు నోరు మూసే సామాను.

మా బావది నూజెండ్ల మండలంలో ఒక పల్లె. మిరపకాయలకు మంచి ధర పలికిన ఏడాది ఇల్లు కట్టాడు. ఊళ్లో ఎవరికీ లేనిది తనకుండాలని ఆయన పట్టు. మేడమీద సోలార్ హీటర్ పెట్టించి, అక్కణ్ణుంచి వేడినీళ్లు కిందికి దిగడానికి రాగి పైపు వేయించాడు. ఇంటికొచ్చినవాళ్లకి మంచినీళ్లివ్వడం మర్చిపోయేవాడు గానీ ఆ పైపు చూపించడం మాత్రం మర్చిపోయేవాడు కాదు.

"ఏసీ మెకానిక్‌ని పిలిస్తే మంట పెట్టి రాగి అతికిస్తాడు గదా బావా" అన్నాను.

"వాడు ఎండాకాలం దొరుకుతాడా? వారం ఆగమంటున్నాడు. వారం ఆగేట్టు లేదురా ఇక్కడ."

ఫోను మా అక్క తీసుకుంది. మా అక్క ప్రసన్నలక్ష్మి మాట్లాడితే వీధి చివరిదాకా వినపడుతుంది. ఆ రోజు గుసగుసలాడింది.

"సింధు పొద్దస్తమానం ఆ పైపు దగ్గరే ఉంటందిరా. నోరు పెట్టి తాగతంది. లాగినా రాదు."

సింధు వాళ్ల ఒక్కగానొక్క కూతురు. మూడో తరగతి. ఆ ఇంట్లో నేను మనస్ఫూర్తిగా ప్రేమించే మనిషి అదొక్కతే. దాని కోసమే ఆ గడప తొక్కుతాను.

"డాక్టరుకి చూపించారా?"

"చూపించాం. షుగరు లేదంట, ఏమీ లేదంట. ఇంట్లో ఏ నీళ్లిచ్చినా దానికి గొంతు దిగవు. ముసలామె బాత్రూంలో నీళ్లే కావాలంట."

"ఆ ట్యాపుకి పిడి లేదు గదక్కా. నీళ్లెట్టా వస్తయ్?"

"అదే గదరా నేను చెప్పేది" అంది అక్క.

పిడి ఎందుకు లేదో చెప్పాలి. ముసలామె అంటే మా బావకు మేనత్త, నాంచారమ్మ. చిన్నప్పుడే భర్త పోయాడు, పిల్లల్లేరు. తల్లి లేని మా బావని ఒళ్లో పెట్టుకుని పెంచింది. పేరు పెట్టి పిలిచేది కాదు, "నాయనా" అనేది. తన పొలం ఆయనకే రాసింది. కిందటేడు ఎండల్లో ఆమెకు పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. వెనకగదిలో మంచం వేశారు. మంచంలోనే అన్నీ. పక్క తడుస్తోందని మా అక్క ఒక ఉపాయం కనిపెట్టింది. నీళ్లు తగ్గిస్తే తడపడం తగ్గుతుంది గదా. వంకాయ కూర ఎట్లా చెయ్యాలో చెప్పినట్టు చెప్పింది నాకా సంగతి.

ఆమె "నీళ్లు" అనేది. మా అక్క "ఇప్పుడేగా తాగావు" అనేది. నేను ఎప్పుడెళ్లినా ఆ ఇంట్లో ఈ రెండు మాటలే వినపడేవి. ఒకసారి నేను గ్లాసుతో లేవబోతే, "అంత జాలుంటే మీ ఇంటికి తీసకపో. పక్కబట్టలు నువ్వే ఉతుకు" అంది. ఆమె చెయ్యి ఒకటి బాగానే ఉండేది. దాంతో నేలమీద పాక్కుంటూ బాత్రూంలోకి పోయి కుళాయికి నోరు పెట్టి తాగడం మొదలుపెట్టింది. మా బావ స్క్రూడ్రైవర్ తీసుకెళ్లి కుళాయి పిడి ఊడదీసి జేబులో వేసుకున్నాడు.

ఈ ఎండాకాలం మొదట్లో ఒకరోజు మిట్టమధ్యాహ్నం ఆయన ఆ గది గుమ్మంలో నిలబడి ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు. మీ అత్తకెట్లా ఉందని అవతలివాళ్లు అడిగారు. "ఆమె మీద ఎప్పుడో నీళ్లొదిలేశాంలే" అన్నాడు. ఆశ వదులుకున్నాం అని చెప్పడం ఆయన. కానీ మంచంలో ఉన్నామెకి నీళ్లన్న మాటొక్కటే వినపడింది.

"నీళ్లొదిలారా నాయనా?" అంది.

మా బావకి నవ్వొచ్చింది. "ఆఁ, వదిలాం అత్తా" అని చెప్పి భోజనానికి వెళ్లిపోయాడు.

సాయంత్రం వెళ్లి చూస్తే ఆమె బాత్రూంలో ఉంది. పిడి లేని కుళాయిని నోట కరుచుకుని ఉంది. విడదీయడానికి చానా తంటాలు పడ్డామని మా అక్క పెద్దకర్మ నాడు గారెలు వడ్డిస్తూ చెప్పింది, నవ్వుకుంటూనే. నాకు ఆ గారె మింగుడు పడలేదు. చచ్చాక మాత్రం ఏ లోటూ చెయ్యలేదు. నోట్లో చెంబులకొద్దీ పోశారు.

ఆ పెద్దకర్మ రోజే సింధు మొదటిసారి దాహమంది.

ఆదివారం నేను డమ్మీ, పైపు కట్టర్ తీసుకుని బయల్దేరాను. వినుకొండలో బస్సు మారి ఊళ్లో దిగేసరికి సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు. కుక్కలు కూడా చప్పుడు లేకుండా నీడల్లో పడి ఉన్నాయి. ఊళ్లో కరెంటు పోయింది. బావ ఇంట్లో ఫ్యాన్లు ఆగిపోయి, హాలు బావిలా నిశ్శబ్దంగా ఉంది.

సింధు నేలమీద గోడకానుకుని కూర్చుంది. పిల్ల సగానికి సగం అయిపోయింది. పెదవులు పగిలి, పగుళ్లలో రక్తం ఎండి నల్లగా ఉంది. నన్ను చూసి లేవలేదు.

"మామయ్యా, నీళ్లు తెచ్చావా?"

దారిలో కొన్న చల్లటి సీసా ఇచ్చాను. ఒక గుక్క నోట్లో పోసుకుంది. అది గడ్డం మీంచి గౌను మీదికి కారిపోయింది.

"ఇయ్యి కాదు."

"మరి ఏయి తల్లీ?"

"మామ్మయ్యి. మామ్మ 'వదలనా?' అని అడుగుద్ది. నేను 'వదులు' అంటా. అప్పుడొస్తయ్."

"నోర్ముయ్యవే" అంది మా అక్క. ఆ మాటలో కోపం లేదు, భయమే ఉంది. జీవితంలో మొదటిసారి మా అక్క భయపడటం చూశాను. నిజం చెప్పొద్దూ, నాకు కాస్త తృప్తిగా కూడా అనిపించింది. సింధు మొహం చూడగానే ఆ తృప్తి పోయింది.

వెనకగదిలో మంచం ఇంకా అక్కడే ఉంది. ఫినాయిలు వాసన గుప్పున కొట్టింది. దాని కింద మూత్రం వాసన. ఇంకా లోపలికి వెళితే బాత్రూంలో పచ్చి రాగి వాసన, చాలాసేపు గుప్పిట్లో పట్టుకున్న రాగి బిళ్లలా. గోడలోంచి రాగి పైపు జానెడు బయటికొచ్చి ఉంది. దాని చివర పిడి లేని కుళాయి. ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. మే నెల ఎండకి సోలార్ ట్యాంకులో నీళ్లు మరిగిపోతుంటాయి. ఈ నీళ్లనేనా ఆ పిల్ల తాగేది?

"నేను చేస్తాలే బావా" అన్నాను.

"నా ఇంట్లో పైపు నేను కొయ్యలేనా? ఎట్టా బిగించాలో చెప్పు చాలు."

చెప్పాను. కట్టర్‌తో తిన్నగా కోయాలి. కోసిన అంచు నున్నగా గీకాలి, లేకపోతే డమ్మీ లోపలి రబ్బరు తెగుతుంది. ఎంత లోపలికి పోవాలో పెన్నుతో గీత పెట్టుకోవాలి. ఆ గీత దాకా తోసెయ్యాలి. అంతే. మంట అక్కర్లేదు, మరలు అక్కర్లేదు.

"లోపల స్టీలు పళ్లుంటయ్ బావా. లోపలికి పోవడమే గానీ వెనక్కి రాదు. లాగేకొద్దీ పళ్లు దిగబడతయ్."

"తియ్యాల్సొస్తే?"

"పైన నీళ్లు కట్టేసి, ఈ ప్లాస్టిక్ రింగుతో అంచు నొక్కిపట్టి లాగాలి."

"ఇంక తీసేదేముందిలే" అని రింగుని కిటికీలో పెట్టాడు.

నేను మేడమీదికి వెళ్లాను. సోలార్ ట్యాంకు పక్కనే గేట్ వాల్వు. పని అయ్యాక నేను "వదలనా?" అని అడగాలి, ఆయన "వదులు" అంటే నీళ్లొదలాలి. అంత దూరం కేక వినపడదేమో అనుకున్నాను గానీ, పైపుకి చెవి ఆనిస్తే కింద ఆయన దగ్గు కూడా వినపడుతోంది.

వాల్వు కట్టేశాను. కింద కట్టర్ తిరిగిన చప్పుడు. రాగి తెగింది. పైపులో మిగిలిన నీళ్లు జారిపోతూ ఒక చప్పుడు చేశాయి... గ్లాసు అడుగున మిగిలిన నీళ్లని ఎవరో ఆత్రంగా పీల్చుకున్నట్టు.

"అయిందిరా" అన్నాడు బావ.

"వదలనా?"

"వదులు."

వాల్వు తిప్పాను. నీళ్లు బుసకొడుతూ దిగి, కింద టక్కున ఆగాయి. దిగివచ్చి చూశాను. డమ్మీ గీత దాకా కూర్చుంది. చుక్క కారడం లేదు. బావ చేతులు తుడుచుకుంటూ, మెకానిక్‌లు జనాన్ని ఊరికే దోచుకుంటున్నారని ఏదో అంటున్నాడు.

హాల్లోంచి అక్క పిలిచింది. పేరు పెట్టి కాదు. ఊరికే అరిచింది.

సింధు నోరు తెరుచుకుని ఉంది. అక్క గ్లాసుతో నీళ్లు పోస్తోంది. నీళ్లు నోటి నిండా నిలబడి, పొంగి బయటికొచ్చేస్తున్నాయి. మింగడం లేదు. పిల్ల ఊపిరి ముక్కులోంచి సన్నగా ఈల వేస్తోంది. మాట్లాడాలని చూస్తోంది, మాట లేదు. కళ్లు మాత్రం వెనకగది వైపు తిరిగి ఉన్నాయి.

నేను దాని గొంతు మీద చెయ్యి వేశాను. చర్మం కింద వేలికి ఏదో తగిలింది. గట్టిగా, గుండ్రంగా... ఉంగరంలా.

"తియ్యి" అంది అక్క. "అది తియ్యి. తియ్యండిరా అది."

బావ బాత్రూంలోకి పరిగెత్తాడు. నేను మెట్లెక్కాను. వాల్వు గట్టిగా, ఇంక తిరగని దాకా కట్టేశాను. ఆ మాట ఎవరి మీద ఒట్టేసి చెప్పమన్నా చెబుతాను. కింద బావ డమ్మీని లాగుతున్న చప్పుడు. "రాదేందిరా ఇది" అని గొణుగుడు. డమ్మీ లోపలి పళ్లు రాగిని కొరుకుతున్న చప్పుడు కూడా నాకు వినపడింది. పైపుకి చెవి ఆనించి, రింగు నొక్కిపట్టమని చెప్పబోయాను.

అప్పుడు వినపడింది.

"బావా, నీళ్లొదలనా?"

అది నా గొంతు. పైపు లోపలి నుంచి వచ్చింది. నేను నోరు తెరవలేదు.

"వదల్రా" అన్నాడు బావ కింద. ఏడుస్తున్నాడు.

"ఎవరికి?"

నా గొంతే. నా యాసే.

"ఎవరికేందిరా... నా బిడ్డకి. సింధుకి వదులు. నా బిడ్డకి నీళ్లొదులు."

మా వైపు మనిషికి నీళ్లొదలడమంటే ఏమిటో చిన్నపిల్లల్నడిగినా చెబుతారు. పోయినవాళ్లకి వదులుతాం. ఇంక మనవాళ్లు కారనుకున్నవాళ్ల మీద వదులుకుంటాం. ఆ మాట మా బావ తన నోటితో, పిల్ల పేరు పెట్టి అన్నాడు. "బావా, అనకు. నేను కాదు అడిగింది" అని పైపులోకి అరిచాను. ఇందాక ఆయన దాకా పోయిన కేక ఈసారి పోలేదు. పైపే మింగేసింది.

పైపు లోపల ఎవరో తృప్తిగా నిట్టూర్చారు.

నేను దిగేసరికి బాత్రూం నిండా ఆవిరి. డమ్మీ ఊడి మూలకి ఎగిరిపడింది. పైన వాల్వు కట్టేసి ఉన్నా, ఆ పైపు నుంచి నీళ్లు ధారగా పోస్తున్నాయి. సింధు తనంతట తనే నడిచొచ్చింది. కోసిన పైపు అంచుకి నోరు ఆనించి, పొగలు కక్కుతున్న నీళ్లు తాగింది. గొంతు కదులుతోంది. తాగింది... తాగింది... తాగింది. తర్వాత తల ఎత్తి, మణికట్టుతో మూతి తుడుచుకుంది. ధార ఆగిపోయింది. ఎవరూ ఆపలేదు.

పెదవి మీద పగులు లేదు. కాలిన మచ్చ లేదు.

బావ మోకాళ్ల మీద కూలబడి దాన్ని కావలించుకున్నాడు. "తాగిందిరా మధూ. నా తల్లి తాగింది."

"చాలు నాయనా" అంది పిల్ల.

సింధు వాళ్ల నాన్నని డాడీ అంటుంది. పుట్టి బుద్ధెరిగాక ఇంకోలా పిలవలేదు. బావకి ఆ ఆనందంలో తెలియలేదు. గుమ్మంలో మా అక్క చేతిలోంచి గ్లాసు జారిపడింది.

నెల తిరిగినా ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఉండబట్టలేక వెళ్లాను. తొలకరి పడి ఊరంతా తడిగా ఉంది. ఆ ఇల్లు మాత్రం కొలిమిలా పొడిగా ఉంది. అక్క వంటింటి గుమ్మంలో కూర్చుని ఉంది. పెదవులు పగిలి, పగుళ్లలో రక్తం ఎండింది.

"నీళ్లు తెచ్చావా?" అంది.

వంటింట్లో చూశాను. కుళాయికి పిడి లేదు. పెరట్లో కుళాయికి లేదు. బాత్రూముల్లో దేనికీ లేదు. "పక్కింట్లో తాగొచ్చు గదా" అన్నాను.

"దిగవురా. అది ఇస్తేనే దిగుతయ్."

"ఇక్కణ్ణుంచి వచ్చెయ్యండి. నాతో రండి."

"పిల్లనొదిలి యాడికి పోతాం?"

నా సీసా మూత తీసి ఇచ్చాను. అక్క తాగలేదు. హాలు వైపు చూసింది, అడిగి తాగాలన్నట్టు. సింధు అక్కడ చాపమీద కూర్చుని ఉంది. బొద్దుగా, నిగనిగలాడుతూ ఉంది. ఒళ్లో కుళాయి పిడులన్నీ పోసుకుని గచ్చకాయల్లా ఆడుకుంటోంది. జడ చివర్నించి నీళ్లు చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి.

"ఇప్పుడేగా తాగావు" అంది, తలెత్తకుండానే.

అక్క సీసా కింద పెట్టేసింది.

వెనకగదిలో నాంచారమ్మ మంచం మీద బావ పడుకుని ఉన్నాడు. పక్క తడిసి ఉంది. నన్ను గుర్తుపట్టాడో లేదో తెలియదు. కళ్లతో బాత్రూం చూపించాడు. వెళ్లాను. కోసిన పైపుకి డమ్మీ మళ్లీ బిగించి ఉంది, పెన్ను గీత దాకా. ఎవరు బిగించారని అడగడానికి అక్కడెవరూ లేరు. పైపు గోరువెచ్చగా ఉంది. చెవి ఆనించాను.

లోపల చాలా దూరం నుంచి, సన్నగా...

"మామయ్యా. నీళ్లు తెచ్చావా?"

నాకు ఏడుపొచ్చింది. అది సింధు గొంతు. నా సింధు గొంతు. ఆ రోజు నేను మర్చిపోయిన కట్టర్ కిటికీలో రింగు పక్కనే ఉంది. తీసి పైపుకి తగిలించాను. వెనక గుమ్మంలో పిడులు గలగలలాడాయి.

"వదలనా మధూ?" అంది పిల్ల.

ఏం చెప్పాలి? వదులు అంటే దేన్ని వదులుతుంది? వద్దంటే ఎవర్ని వదలదు? పైపులో ఆ సన్నటి గొంతు నా జవాబు కోసం ఆగి వింటోంది. కట్టర్ అక్కడే పడేసి వచ్చేశాను. సింధుని కూడా. బస్సెక్కాక గుర్తొచ్చింది, వస్తానని కూడా దానికి చెప్పలేదు.

ఆ రోజు నుంచి ఎవరు ఏమడిగినా వదులు అనే మాట రాకుండా చూసుకుంటున్నాను. షాపులో గోడకి వరసగా కుళాయిలు బిగించి ఉంటాయి, జనం చూసుకోవడానికి. వాటి వెనక పైపుండదు, ఒట్టి చెక్క. నిన్న పొద్దున షట్టరు ఎత్తేసరికి వాటి కింద నేల తడిగా ఉంది. గుడ్డ పెట్టి తుడవబోతే చెయ్యి చురుక్కుమంది. తలెత్తి చూశాను. చివరి కుళాయికి పిడి లేదు.